ఇష్టమైన ఉద్యోగమే, జీతం మాటేమిటి?

ప్రశ్న: మేడమ్, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నాతో ఒకే రోజు చేరిన సార్‌కి నాకన్నా నెలకి తొమ్మిది వేలు ఎక్కువని మొన్న తెలిసింది. ఇద్దరికీ పీహెచ్‌డీ ఉంది, పేపర్లు నావే రెండు ఎక్కువ. కాలేజీవాళ్ళని అడిగితే, "ఆయన ఇల్లు నడపాలి కదమ్మా, మీవారు ఐటీలో ఉన్నారుగా" అన్నారు. పాఠం చెప్పడమంటే నాకు ప్రాణం. ఇంట్లో ఏమో, "నచ్చిన పని దొరికింది, ఇంకా గొడవెందుకు?" అంటున్నారు. నాది అత్యాశా?
– ఒక పాఠకురాలు, షోలింగనల్లూరు, చెన్నై

జవాబు: కాదమ్మా. మీవారి జీతం మీ పే స్లిప్పులోకి ఎలా దూరిందో వాళ్ళే చెప్పాలి.

జీతం తక్కువైనా ఉద్యోగం బాగుందనేది ఆడవాళ్ళే ఎక్కువని ఆండ్రూ క్లార్క్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ లెక్కలు చూసి 1997లో రాశారు. ఆశించేదే తక్కువ కాబట్టి తృప్తి పడుతున్నారని ఆయన ఊహ. పెద్ద చదువులు చదివినవాళ్ళలో మాత్రం ఆ తేడా కనబడలేదు. మీకు తొమ్మిది వేలు గుచ్చుకుంటున్నాయంటే వింతేముంది!

నేను ఈ ఊళ్ళోనే ఎయిడెడ్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు చేశాను. యూజీసీ స్కేలు కాబట్టి చేరిన రోజు అందరికీ ఒకటే బేసిక్, ఇప్పుడైతే 57,700. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ప్రమోషన్‌కి నాలుగు వారాల ఓరియంటేషన్ కోర్సు చేయాలన్నారు. అప్పటికి మా పాపకి ఆరు నెలలు. నేను వెళ్ళలేదు, నాతో చేరిన సార్ వెళ్ళొచ్చారు. నా ప్రమోషన్ రెండేళ్ళు వెనక్కి జరిగింది. ఆ రెండేళ్ళు నా పెన్షన్‌లో ఇప్పటికీ కనబడతాయి. అప్పుడెవరైనా అడిగితే "చాలా హ్యాపీ" అనే చెప్పి ఉండేదాన్ని.

అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ నాన్సీ హాప్కిన్స్ టేపు పట్టుకుని ల్యాబులు కొలిచారు. ఆడవాళ్ళకి చోటు తక్కువని తేలింది. 1999లో సంస్థే వివక్ష ఉందని ఒప్పుకుంది. మీరూ నోటిమాటగా అడగొద్దు. అపాయింట్‌మెంట్ ఆర్డరు, పీహెచ్‌డీ తేదీ, పేపర్లు అన్నీ రాసి ప్రిన్సిపాల్‌కి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఆడైనా మగైనా ఒకే పనికి ఒకే జీతమని 1976 సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఇల్లు ఎవరు నడుపుతున్నారన్న ప్రశ్న రెండిట్లోనూ లేదు.

నాక్ (కాలేజీలకి గ్రేడిచ్చే సంస్థ) ఫైళ్ళు, హాస్టల్ డ్యూటీ, ఫంక్షన్ల ముగ్గులు మీకే అంటగడుతుంటే అవీ గంటలతో సహా రాయండి. వచ్చే ఫంక్షన్‌కి ముగ్గు ఆ సార్‌ని వేయమనండి, ఏమంటారో నాకూ రాయండి.