రెండు ట్రంకుపెట్టెల ఫొటోలకు ఏ స్కానర్?

ప్రశ్న: సార్, మా అమ్మగారింట్ల రెండు ట్రంకుపెట్టెల నిండ ఫొటోలున్నయి. మూడు వేల దాకా ఉంటయి. నాయన తీసిన బ్లాక్ అండ్ వైట్‌వి, మా పెళ్లిళ్ల కలర్‌వి, మేడారం జాతరవి, ఇంకా కొన్ని నెగెటివ్‌లు. మా అబ్బాయి సెకనుకో ఫొటో లాగే స్కానర్ కొందామంటున్నడు. కొనమంటారా?
– ఓ పాఠకురాలు, పరకాల

జవాబు: ముందు పెట్టెలు ఖాళీ చేసి, చాప మీద మూడు కుప్పలు పోయండమ్మా. బ్లాక్ అండ్ వైట్ ఒకటి, కలర్ ప్రింట్లు ఒకటి, నెగెటివ్‌లు ఒకటి. ఈ పని వానలు వెనకబడ్డాక పెట్టుకోండి. తేమకు ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

మీ అబ్బాయి అంటున్నది ఎప్సన్ ఫాస్ట్‌ఫొటో రకం అయ్యుంటుంది. 36 ఫొటోల కట్ట పెడితే 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) దగ్గర సెకనుకొకటి చొప్పున లాగేస్తుంది. వెనకవైపు రాసిన పేర్లు, తారీఖులు కూడా అదే ఊపులో పడతాయి, ఆ గుణం నాకు భలే ఇష్టం. వంకర పోని మ్యాక్సీ సైజు (4×6 అంగుళాల) కలర్ ప్రింట్లకు అది హాయి. మీ నాయన తీసినవి మాత్రం దాని నోట్లో పెట్టొద్దు. పాత బ్రోమైడ్ పేపర్ ముడుచుకుని పెళుసుబారి ఉంటుంది, రోలర్ల మధ్య విరిగితే ఇక అంతే. పైగా లోపలి గాజు మీద ఒక్క నలుసు కూర్చున్నా ఆ కట్టలోని అన్ని ఫొటోల మీదా గీత పడుతుంది.

పాతవాటికి ఫ్లాట్‌బెడ్డే, అంటే అద్దం మీద ఫొటో పరిచి మూత వేసే స్కానరే దిక్కు. వాటిలో కానన్ లైడ్ లాంటివి పలుచగా ఉంటాయి, యూఎస్‌బీ వైరుతోనే నడుస్తాయి, ధర తక్కువ. ఇవి సీఐఎస్ రకం, అంటే బొమ్మను పట్టే సెన్సర్ అద్దానికి దగ్గరగానే ఉంటుంది. ఫొటో అద్దానికి ఆనకుండా కాస్త లేచిందంటే మసకే. ఎప్సన్ వీ600 లాంటి సీసీడీ రకం (లెన్సుతో బొమ్మను పట్టేది) ముడుచుకున్న ఫొటోను కూడా బాగానే పట్టుకుంటుంది. మూతలో లైటు ఉంటుంది కాబట్టి నెగెటివ్‌లూ చేస్తుంది. మీ దగ్గర నెగెటివ్‌లున్నాయన్నారు, నా ఓటు దీనికే. నెగెటివ్ బాగున్నప్పుడు దాని ప్రింటును స్కాన్ చేయడం దండగ.

దీనిలో ఒక మెలిక ఉంది. దుమ్ము, గీతలు తీసేసే డిజిటల్ ఐస్‌ను బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లకు వాడొద్దు. అది ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో దుమ్మును పసిగడుతుంది; వాటిలో బొమ్మంతా వెండితో ఏర్పడింది, ఆ వెలుతురు దాన్ని దాటలేదు. గాలి బుడ్డితో ఊదుకోవడమే.

డబ్బా మీద 4800, 6400 డీపీఐ అని చూసి మురిసిపోకండి. ప్రింటుకు 600 చాలు. 4×6 ఫొటో 2400×3600 పిక్సెళ్లు వస్తుంది, పెంచితే ఫైలు బరువే పెరుగుతుంది. నెగెటివ్ చిన్నది కనుక 2400కు తగ్గొద్దు. మూడు వేల ఫొటోలూ జేపెగ్‌లో 15 జీబీ అటూఇటూ అవుతాయి, రెండు చోట్ల దాచుకోండి.

ఇక ఓపిక సంగతి. ఏ4 అద్దం మీద మ్యాక్సీ సైజువి మూడే పడతాయి, పైన రెండు నిలువుగా, కింద ఒకటి అడ్డంగా. నాలుగోదానికి అర అంగుళం కూడా తక్కువ పడదు, అయినా పట్టదు! మూడింటినీ సాఫ్ట్‌వేరే విడదీస్తుంది గానీ, వేలల్లో ఉన్న కలర్ ప్రింట్లను ఇట్లా చేస్తూ కూర్చుంటే నెలలు పడుతుంది. ఆ కుప్ప ఒక్కటే, మీ అబ్బాయి చెప్పినట్టు కట్టను లాగే ఫీడర్ స్కానర్ ఉన్న ల్యాబ్‌కు ఇచ్చేయండి. నాయన ఫొటోలు, నెగెటివ్‌లు మాత్రం ఇల్లు దాటనీయకండి.

ప్రశ్న: తాత ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. స్కాన్ చేసుడెట్ల?
– ఓ పాఠకుడు, నర్సంపేట

జవాబు: పీకొద్దు తమ్ముడూ, మొహమే ఊడొస్తుంది. అద్దం మీది బొట్టును మెత్తటి గుడ్డతో తుడవండి, నాయనమ్మ ఒప్పుకుంటేనే. స్కానర్ మీద పెడితే అద్దం మందానికి మసకొస్తుంది, ఫోనే నయం. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేట్టు ఫ్రేమును ఆనించి, ఫ్లాష్ ఆపి, నల్ల చొక్కా వేసుకుని తీయండి. తెల్ల చొక్కా అయితే తాత బదులు మీరే కనిపిస్తారు. గూగుల్ ఫొటోస్కాన్ యాప్ నాలుగైదు సార్లు తీసి, మెరుపులు తీసేసి ఒకటిగా కలుపుతుంది.