పర్లాకిమిడిలో ఉండి తెలుగు పుస్తకాల ప్రచారం చేస్తున్నాను, నా అనుభవం చెప్తాను

మీరు అడిగింది: “ఆన్‌లైన్‌లో పుస్తకాల ప్రచారం వ్యాపారంగా పెట్టాలనుకుంటున్నాను. పెట్టుబడి ఎంత కావాలి? హైదరాబాద్‌లో కాకుండా చిన్న ఊళ్ళో ఉండి నడపడం కుదురుతుందా?”

కుదురుతుంది. నేను నాలుగేళ్ళుగా పర్లాకిమిడిలో ఉండి అదే పని చేస్తున్నాను. మాది ఒడిశాలో గజపతి జిల్లా. రోడ్డు మీద కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా వచ్చేస్తుంది. ఇటువైపు పిన్‌కోడ్ 7తో మొదలవుతుంది, అటువైపు 5తో. మా ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతాం. పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు పుస్తకం కావాలంటే శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో ఎవరైనా తేవాలి. ఇలాంటి చోట ఉండడం ఈ వ్యాపారానికి లోటు కాదు, పెద్ద బలం అని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

నాది డీటీపీ సెంటర్. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు చేసేదాన్ని. ఒక రోజు రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. ఆయన 11 కథలు రాసి, తన పెన్షన్ డబ్బుల్లోంచి 36,000 పెట్టి 500 కాపీలు వేయించారు. ఆవిష్కరణ సభలో శాలువా కప్పారు, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక కాపీ ఊరికే ఇచ్చారు. ఒక పుస్తకాల దుకాణానికి నలభై శాతం కమీషన్ మీద 40 కాపీలు ఇస్తే ఏడాదైనా లెక్క చెప్పలేదు. మిగిలినవి అట్టపెట్టెల్లో మంచం కింద ఉన్నాయి. “అమ్మా, వీటిని ఫేస్‌బుక్‌లో పెట్టి నలుగురి చేతుల్లోకి వెళ్ళేలా చేయగలవా? నీకెంత ఇవ్వాలో చెప్పు” అన్నారు. నేను మొదలుపెట్టింది అలాగే.

మొదట అందరూ చేసే తప్పే నేనూ చేశాను. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది పేజ్‌మేకర్ (పుస్తకం పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు, అనూ ఫాంట్‌లో. దాన్ని కాపీ చేసి పోస్టులో పెడితే తెలుగు అక్షరాలు మాయమై పిచ్చి గుర్తులు వచ్చాయి. అనూ యూనికోడ్ కాదు కదా, అంటే ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా ఒకేలా కనబడే అక్షరాల పద్ధతి కాదు. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తులు చెడిపోతాయి, వాక్యం వాక్యం దిద్దుకోవాలి. ఒక కథలో రెండు పేజీలు నేనే మళ్ళీ టైపు చేశాను. ఈ రంగంలోకి వచ్చేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు: రచయిత ఇచ్చే ఫైలు నేరుగా పనికిరాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన ప్రెస్సుల్లో పుస్తకాలు అనూలోనే కంపోజ్ అవుతున్నాయంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. పుస్తకంలో ఒక్క వాక్యం కూడా గూగుల్‌లో వెతికితే దొరకదు. ఈ-బుక్ చేద్దామంటే మళ్ళీ మొదటి నుంచి టైపు చేయించాలి.

తర్వాత ప్రకటన. ఫేస్‌బుక్‌లో 3,000 పెట్టి పోస్టుని బూస్ట్ చేశాను (డబ్బు కట్టి ఎక్కువ మందికి కనబడేలా చేయడం), దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 3,540. ఎవరికి చూపించాలి అని అడిగితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని టిక్ పెట్టాను. తెలుగు పుస్తకం కదా, ఇంకెక్కడ పెడతాం అనుకున్నాను. రెండు వేల పైచిలుకు లైకులు వచ్చాయి. అమ్ముడైనవి 4 కాపీలు. మాస్టారికి ఆ మాట చెప్పడానికి వెళ్ళలేక రెండు రోజులు ఫోను ఎత్తలేదు. ఆయన డబ్బు అది.

మూడో రోజు రాత్రి ఆ పుస్తకం మళ్ళీ చదువుతున్నాను. అందులో ఒక కథ మా చిన్న రైలు మీద. మీకు తెలియకపోవచ్చు, నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మా రాజావారు వేయించిన నేరోగేజి లైను అది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయిపోయింది కానీ మా పెద్దవాళ్ళు చిన్న రైలు అనే మాట వదల్లేదు. కథలో ఒక నాయనమ్మ చోడి (రాగి) అంబలి గిన్నె పట్టుకుని గెడ్డ (వాగు) దాటి స్టేషనుకి వస్తుంది, మనవరాల్ని రైలెక్కించడానికి. “ఏటే గుంటా, అంబలి తాగి ఎక్కవే” అంటుంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అది కళ్ళతో చదివితే సగమే. మా యాసలో పైకి చదివితే ఆ ముసలావిడ ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది.

నేను ఫోను తీసి ఆ పేజీ పైకి చదివాను. మూడు నిమిషాలు. వెనకాల వాన చప్పుడు కూడా పడింది. దాన్ని వాట్సాప్‌లో మా చుట్టాలకీ, మా వీధి నుంచి బయటికెళ్ళి స్థిరపడినవాళ్ళకీ పంపించాను. కింద ఒకటే మాట రాశాను: “ఈ కథ మన ఊరి మాస్టారిది. మిగతా భాగం కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి.” ధర రాయలేదు, గొప్ప పుస్తకం అనీ రాయలేదు.

మర్నాడు మధ్యాహ్నం పశ్చిమ బెంగాల్‌లో ఖరగ్‌పూర్ నుంచి ఫోను. పెద్దావిడ. “పర్లాకిమిడి నుంచేనా అమ్మా మాట్లాడేది? మా అమ్మగారిది మీ పక్కన కాశీనగర్. మా వారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. నాకు కంటి ఆపరేషన్ అయింది, నెల దాకా చదవకూడదన్నారు. ఆ గుంట రైలెక్కిందా లేదా చెప్పు ముందు” అన్నారు. చెప్పేస్తే పుస్తకం కొనరేమో అని ఒక్క క్షణం అనిపించింది. అయినా ఫోనులోనే మిగతా కథంతా చదివి వినిపించాను, పావుగంట పట్టింది. ఆవిడ మధ్యలో రెండుసార్లు ఆపమన్నారు. ఒకసారి గెడ్డ అనే మాట దగ్గర, ఇంకోసారి బుగత (ఆసామి) అనే మాట దగ్గర. “ఈ మాటలు మా అమ్మతోనే పోయాయనుకున్నాను” అన్నారు.

సాయంత్రానికి ఆవిడ తన వీధిలో తెలుగువాళ్ళ దగ్గర పేర్లు రాసుకుని 14 కాపీలకి డబ్బు ఫోన్‌పేలో పంపించారు. ఆ వాయిస్ నోట్ ఖరగ్‌పూర్ నుంచి జంషెడ్‌పూర్‌కి, భిలాయికి, బరంపురానికి, రాయగడకి పోయింది. తొమ్మిది రోజుల్లో 61 కాపీలు. నేను టిక్ పెట్టిన రెండు రాష్ట్రాల్లో ఈ మనుషులెవరూ లేరు. నా ప్రకటన వాళ్ళకి కనబడే అవకాశమే లేదు.

అందుకే ఈ వ్యాపారం పెట్టేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇది: ప్రచారం అంటే ఆ పుస్తకం ఎవరి ఇంటి మాటో కనుక్కోవడం. ఆ ఇళ్ళు తెలిస్తే పని ముప్పావు వంతు అయినట్టే. తెలుగు పుస్తకం కోసం ఆకలిగా ఉన్నది తెలుగు రాష్ట్రాల బయట ఉన్న తెలుగువాళ్ళే. ఇటు ఒడిశాలో గుణుపురం, జయపురం, ఛత్రపురం, అటు మహారాష్ట్రలో బల్లార్షా, చంద్రపూర్, సిరోంచ, ధర్మాబాద్, ఇంకా షోలాపూర్. అక్కడి తెలుగువాళ్ళని పబ్లిషర్లు లెక్కలోకే తీసుకోరు.

ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి ఫోటో పెట్టి అందరూ తెలుగు భాషా దినోత్సవం అని శుభాకాంక్షలు చెప్తారు. ఆయన పాఠాలు చెప్పిందీ, వాడుక భాష కోసం, ఇక్కడి గిరిజనుల సవర భాష కోసం పని చేసిందీ మా పర్లాకిమిడిలోనే. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిపోయినా మేం ఇక్కడే ఉన్నాం. ఆ రోజు పోస్టులు పెట్టేవాళ్ళలో పదో వంతు మంది సరిహద్దు ఊళ్ళకి తలా ఒక పుస్తకం పంపించినా మాకు చిన్న లైబ్రరీ తయారవుతుంది.

సరే, పని సంగతి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్ళే లిస్టు) 256 మందిని పెట్టుకోవచ్చు. కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ వెళ్తుంది. అందుకని ప్రతి పార్సిల్‌తో పాటు “నా నంబరు సేవ్ చేసుకోండి, ప్రతి ఆదివారం ఒక పేజీ చదివి పంపిస్తాను” అని చెప్తాను. ఇప్పుడు నాకు అలాంటి లిస్టులు మూడున్నాయి, ఊళ్ళ వారీగా. ఎవరికి కవిత్వం ఇష్టమో, ఎవరికి నవల ఇష్టమో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. నా ఆస్తి ఆ నోటుబుక్కే.

ఇంకో సంగతి ఆలస్యంగా నేర్చుకున్నాను. కొనే పెద్దవాళ్ళకి తెలుగు చదవడం వచ్చు, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి రాదు. మాట్లాడతారు, వింటారు, అక్షరాలే రావు. అందుకని రచయిత ఒప్పుకుంటే రెండు కథలు నేనే చదివి రికార్డు చేసి, క్యూఆర్ కోడ్ స్టిక్కరు పుస్తకం లోపలి అట్ట మీద అతికిస్తాను. ఒక్కో స్టిక్కరుకి రూపాయి కూడా పడదు. నాయనమ్మ చదువుకుంటుంది, మనవడు వింటాడు. దీని వల్ల ఒకే ఇంటి నుంచి రెండో పుస్తకానికి ఆర్డరు రావడం నేను కళ్ళారా చూశాను.

పోస్టు ఖర్చు ముందే లెక్క వేసుకోండి. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. చదువు, సాహిత్యం, సంస్కృతికి సంబంధించిన పుస్తకాలకే ఇది. పుస్తకం మీద ప్రింటరు పేరో పబ్లిషరు పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. కాబట్టి ఇంకెవరి పాంప్లెట్లూ అందులో పెట్టకండి. పుస్తకాన్ని ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అప్పుడు అట్ట చుట్టండి. శ్రావణంలో ఒక ప్రైవేటు కొరియర్‌లో పంపిన ఆరు కాపీలు తడిసి ఉబ్బిపోయి చేరాయి. ఆ ఆరూ నా డబ్బుతో మళ్ళీ పంపించాను. అడ్రస్ మాత్రం తెలుగులో రాయకండి. కొనేవాళ్ళు వాట్సాప్‌లో తెలుగులో పంపిస్తారు, ఖరగ్‌పూర్‌లో పోస్ట్‌మాన్‌కి తెలుగు ఎక్కడొస్తుంది? ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి, పక్కన ఫోను నంబరు వేయాలి.

పెట్టుబడి అడిగారు. నాకు కంప్యూటరు, ఫోను ముందే ఉన్నాయి. మైకు, అట్టలు, టేపు, తూకం మిషను అన్నీ కలిపి 6,000 అయింది. రచయిత దగ్గర ఒక పుస్తకానికి నెలకి 4,000 తీసుకుంటాను, నా ద్వారా అమ్ముడైన కాపీ మీద ఇరవై శాతం. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి కాబట్టి ఆ రెండు నెలలూ కొత్త పుస్తకాలు ఎక్కువ, పనీ ఎక్కువ. వేసవిలో ఖాళీ. డీటీపీ పని మానలేదు, మీరూ ఉన్న పని వెంటనే మానేయకండి.

పొగడ్తలకి డబ్బు తీసుకోకండి. పోయినేడు ఒకాయన వచ్చి, ఇరవై మందితో ఐదు నక్షత్రాల రివ్యూలు రాయిస్తే 10,000 ఇస్తానన్నారు. వద్దన్నాను. డబ్బిచ్చి రాయించిన రివ్యూలని అమెజాన్ ఒప్పుకోదు. డబ్బు తీసుకుని సోషల్ మీడియాలో దేన్నైనా మెచ్చుకుంటే ఆ సంగతి చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఈ నియమాలు లేకపోయినా నేను రాయించను. ఖరగ్‌పూర్ అమ్మగారు నా మాట మీద డబ్బు పంపిస్తున్నారు. ఆవిడకి ఒక్కసారి చెత్త పుస్తకం అంటగడితే ఆ వీధి మొత్తం నాకు పోతుంది. నచ్చని పుస్తకం వస్తే “నేను చేయలేను మాస్టారూ” అని తిప్పి పంపేస్తాను. మొదట్లో టెన్షన్‌గా ఉండేది, ఇప్పుడు అలవాటైంది.

పీడీఎఫ్‌ల బెడద గురించి రాయాలంటే ఇంకో సమాధానం అవుతుంది. ఇంతే చెప్తాను. నిన్నగాక మొన్న వచ్చిన పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపుల్లో పెట్టి “భాషా సేవ” అని రాసుకునేవాళ్ళు, ఒకసారి మంచం కింద అట్టపెట్టెలు పెట్టుకున్న రచయిత ఇంటికి వెళ్ళి చూడండి.

మాస్టారి దగ్గర ఇప్పుడు 30 కాపీలు మిగిలాయి. రెండో ముద్రణ వేయిద్దామంటున్నారు. ఈసారి యూనికోడ్‌లో కంపోజ్ చేయిస్తేనే ప్రచారం చేస్తానని చెప్పాను, ఒప్పుకున్నారు.

మీది ఏ ఊరో ప్రశ్నలో రాయలేదు. చెప్పండి, ఆ చుట్టుపక్కల నుంచి నా దగ్గర పుస్తకాలు కొన్నవాళ్ళు ఉన్నారేమో నోటుబుక్కులో చూస్తాను. వాళ్ళని అడిగి, సరే అంటే మీతో మాట్లాడిస్తాను.