పాత బండా, కొత్త బండా? ఎండ తగలని బండి మాత్రం వద్దు

ప్రశ్న: బెంగళూరులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. చేతిలో 60 వేలు ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ బైకు కొనాలా, ఈఎంఐ పెట్టుకుని కొత్తది తీసుకోవాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. పాతదే కొనండి. కానీ 60 ఉన్నాయి కదా అని 60 వేల బండి చూడకండి. 45 లోపు చూడండి, మిగతా పదిహేను ముట్టుకోకండి. ఎందుకో తెలియాలంటే నా కథ వినాలి. ఓపిక లేకపోతే ఇక్కడే ఆపేయొచ్చు, నేనేమీ అనుకోను.

మాది అనంతపురం. కరోనా టైంలో ఉద్యోగం వచ్చింది, రెండేళ్ళు మా మిద్దె మీద గదిలో కూర్చునే పనిచేశాను. 2023 జనవరిలో ఆఫీసుకు రమ్మన్నారు. ఆఫీసు బెల్లందూరు, పీజీ కసవనహళ్ళి. మ్యాపులో చూస్తే పక్కపక్కనే. మొదటి రోజు ఆటో అతను అడిగిన రేటు విన్నాక, సాయంత్రానికల్లా బండి కొనాల్సిందేనని తేలిపోయింది.

నాన్నకు ఫోన్ చేస్తే, "కొత్తదే కొనుక్కోరా, కసాపురం తీసుకుపోయి ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయిద్దాం. ఎవడో తోలిన బండికి పూజేంది?" అన్నాడు. ఆయన 2003లో కొన్న స్ప్లెండర్‌ని ఇప్పటికీ తుడిచి తుడిచి వాడుతున్నాడు. ఆయన లెక్కలో బండి కొనడం పెళ్ళి లాంటిది, ఒక్కసారే.

ఆయన మాట కొట్టేయలేక షోరూముకూ వెళ్ళాను. కొటేషన్ కాగితంలో లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు అన్నీ అయ్యాక కింద ‘హ్యాండ్లింగ్ చార్జీలు’ అని ఒక లైను. అదేమిటని అడిగితే "హ్యాండ్లింగే సార్" అన్నాడు. ఇంకో మూడుసార్లు అడిగినా అదే మాట. మొత్తం 150 సీసీ బండి లక్షన్నర దగ్గర తేలింది. పోనీ ఊళ్ళో తమ్ముడి బండి తెచ్చుకుందామంటే దానిది ఏపీ నంబరు. ఏడాది దాటి ఇక్కడే ఉంచితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చి రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్సు మళ్ళీ కట్టాలి. ఆ తిరుగుడు నా వల్ల కాదనుకున్నాను.

ఇక పాత బండ్ల వేట. మొదటి నాలుగింటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఒకచోట ఓనర్‌నని వచ్చినవాడి జేబులో ఇంకో మూడు బండ్ల తాళాలు గలగలలాడాయి. ఇంకొకడు "టైర్లు మొన్నే మార్చా" అన్నాడు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అక్కడ 1816 అని ఉంది. 2016 ఏప్రిల్, మే నాటి టైరు వాడికి మొన్నటిది.

ఐదోది నచ్చింది. 2019 మోడల్, 14 వేల కిలోమీటర్లు, రంగు మెరిసిపోతోంది. అమ్మే అబ్బాయి మన తెలుగువాడే, కృష్ణా జిల్లా. ఇదిగో, నేను పడిపోయింది ఇక్కడే. ఈ ఊళ్ళో మనల్ని మోసం చేయాలంటే పెద్ద తెలివి అక్కర్లేదు, తెలుగులో మాట్లాడితే చాలు. "తిన్నారా బ్రో?" అని అడిగాడు. అంతే, నేను తాళం తిప్పి ఇంజన్ చప్పుడు వినడం కూడా మర్చిపోయి గోంగూర పచ్చడి గురించి మాట్లాడాను.

"ఎండ తగలని బండి బ్రో. మూడేళ్ళూ మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనే ఉంది" అన్నాడు. ఆ మాట నాకు బంగారంలా వినిపించింది. మా అనంతపురంలో ఎండకు సీటు కవర్లు పెచ్చులూడిపోతాయి, మరి. ఇన్సూరెన్స్ ఉందా అంటే "2024 దాకా ఉంది" అని కాగితం చూపించాడు. 52 వేలు ఇచ్చి, బండి నా పేరుకు మార్చుకునే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఇంటికి తోలుకొచ్చాను. గీసి గీసి బేరం చేశానని గర్వం కూడా.

మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒక రోజు బ్రేకు నొక్కితే హారన్ మోగింది. నవ్వుకున్నాను. మర్నాడు ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు పక్కలా వెలిగాయి. ఆ వారంలోనే పొద్దున తొమ్మిదిన్నరకు ఇబ్లూరు జంక్షన్ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు నట్టనడుమ, ఆగిపోయింది. సెల్ఫ్ లేదు. కిక్కర్ కొడితే ఒకసారి దగ్గి ఊరుకుంది. వెనక బీఎంటీసీ బస్సు, దాని వెనక మొత్తం బెంగళూరు. ట్రాఫిక్ కానిస్టేబుల్ "సైడ్‌గె హాకప్పా, సైడ్‌గె" అని అరుస్తున్నాడు. హెల్మెట్ తీయకుండానే తోశాను. ముఖం కనబడకూడదని.

కసవనహళ్ళి మెయిన్ రోడ్డు మీద ఒక కదిరి ఆయన గ్యారేజీ ఉంది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏమీ అడగలేదు. స్క్రూ డ్రైవర్ తీసుకుని హెడ్‌లైట్ ఊడదీసి, లోపలి గిన్నె నాకు చూపించాడు. సగం ఎత్తులో అడ్డంగా సన్నటి మట్టి గీత. వరద తగ్గాక గోడ మీద మిగిలే చార లాంటిది.

"బండికి ఈత వచ్చునా సార్?" అన్నాడు.

అర్థం కాలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచాడు. మూలల్లో ఎండిన బంకమట్టి. వైర్లు కలిసే కప్లర్లు విప్పితే లోపల పచ్చగా చిలుము పట్టింది. ట్యాంకులో టార్చ్ వేస్తే ఎర్రగా తుప్పు. ఆ తుప్పే కార్బొరేటర్లోకి దిగి పెట్రోలు దారి మూసేసిందట. "యాడ కొన్నారు సార్ దీన్ని?" అంటే "బెల్లందూరు దగ్గర అపార్ట్‌మెంట్‌లో, బేస్‌మెంట్‌లోనే పెట్టేవాళ్ళు" అన్నాను. చెబుతుండగానే నాకు లైటు వెలిగింది.

2022 సెప్టెంబరు మొదటి వారం. బెల్లందూరు, సర్జాపూర్ రోడ్డు పక్క మునిగిపోయిన వారం. ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళిన సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. నేను అనంతపురంలో మిద్దె మీద కూర్చుని అవే ఫొటోలు గ్రూపులో పెట్టి నవ్వాను. నేను నవ్విన ఆ నీళ్ళలోనే ఎక్కడో నా బండి మునిగి ఉంది. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఎండ తగల్లేదు దానికి.

మెకానిక్ ఒక్క మంచి మాట చెప్పాడు. నీళ్ళలో ఉన్నప్పుడు ఎవరూ స్టార్ట్ చేయలేదట. చేసి ఉంటే ఇంజన్ నీళ్ళు పీల్చుకునేది. పెట్రోలు, గాలి కలిసిన ఆవిరిలా నీళ్ళు నొక్కితే కుదించుకుపోవు కదా, పిస్టన్ పైకి వచ్చినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోయేది. అప్పుడు బండి తూకానికే. ఇంజన్ ఆయిల్ మాత్రం అమ్మే ముందు మార్చేసి ఉంటారన్నాడు. నీళ్ళు కలిసిన ఆయిల్ పాల టీ రంగులోకి తిరుగుతుంది, చూస్తే దొరికిపోతారు కదా.

వైరింగ్ సెట్టు, సెల్ఫ్ మోటారు, రెండు చక్రాల బేరింగులు, కోన్ సెట్, బ్యాటరీ, ట్యాంకు క్లీనింగు. బండ్ల విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో కొంటే తక్కువ పడుతుందంటే శనివారం వెళ్ళాను. కొన్న సామాన్ల కంటే అక్కడ పార్కింగ్ వెతకడం పెద్ద పని. అన్నీ కలిపి 17,400.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఆ కాగితం తీశాను. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ కలిపే ఇస్తున్నారు. ఆ కుర్రాడు చూపించింది అదే. మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్ళకు డబ్బు వస్తుంది. మన బండి మునిగితే ఒక్క రూపాయి రాదు. సొంత డ్యామేజీ పాలసీ మొదటి ఏడాది తర్వాత అతను కట్టనే లేదు. కట్టి ఉంటే క్లెయిమ్ చేసుకునేవాడు, నాకు అమ్మేవాడు కాదు. ‘ఇన్సూరెన్స్ ఉంది’ అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి. కాగితం తీసి ఏ పాలసీయో చదవండి.

అదిగాక ఆ బండి మీద నాలుగు పాత ఫైన్లు, రెండు వేలు. ఆ ఫిబ్రవరిలోనే పెండింగ్ ట్రాఫిక్ ఫైన్ల మీద ప్రభుత్వం సగం తగ్గింపు ఇచ్చింది కాబట్టి వెయ్యితో పోయింది. నా అదృష్టం మొత్తం అంతే. మీరు డబ్బు ఇచ్చేముందే ఆన్‌లైన్‌లో బండి నంబరు కొట్టి ఫైన్లు ఉన్నాయేమో చూసుకోండి. అతనికి ఫోన్ చేశానా అంటే చేశాను. "అయ్యో, అవునా బ్రో?" అన్నాడు. తర్వాత ఎత్తలేదు.

ఇంత జరిగాక కొత్తది కొనమని చెబుతాననుకుంటున్నారేమో. లెక్క వేయండి. 52, 17, ఒకటి, మొత్తం 70 వేలు. షోరూము బండిలో సగం కూడా కాలేదు. మునిగిన బండి కొన్నా కూడా లాభమే వచ్చిందంటే ఇంక పాతది కొనకపోవడానికి కారణమేముంది? పైగా పీజీ ముందు పెట్టిన ఏ బండికీ ఈ ఊళ్ళో మొదటి నెలలోనే గీత పడకుండా ఉండదు. లక్షన్నర బండి మీద పడితే నిద్ర పట్టదు, పాతదాని మీద పడితే చూడను కూడా చూడం. నన్ను ఏడిపించింది డబ్బు కాదు, ఆ 17 వేలు నా దగ్గర లేకపోవడం. రూమ్మేట్ దగ్గర అప్పు చేశాను. అందుకే ఆ పదిహేను పక్కన పెట్టమన్నది.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకుముందు ఎక్స్‌షోరూమ్ లక్ష ఉన్నది దాదాపు ఎనిమిది వేలు తగ్గింది. పాత బండ్లు అమ్మేవాళ్ళకు మాత్రం ఈ వార్త ఇంకా చేరినట్టు లేదు. పాత రేట్లే చెబుతారు. కొత్తదాని ఇప్పటి ధర ఫోన్‌లో చూపించి మరీ బేరం ఆడండి. మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి, మూడొందలో ఐదొందలో ఇస్తే వస్తారు. హెడ్‌లైట్ విప్పమనండి. విప్పడానికి ఓనర్ ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి, ఎంత తెలుగు మాట్లాడినా సరే.

పోయిన నెలలో నేను ఆ బండి అమ్మేశాను. మొదట వచ్చినతనికి, ఇది వరదలో మునిగిన బండి, ఇవిగో మార్చిన సామాన్ల బిల్లులు అని అన్నీ ముందే చెప్పాను. అతను నన్ను అనుమానంగా చూసి వెళ్ళిపోయాడు. రెండో అతను బిల్లులు తిరగేసి పక్కన పెట్టాడు. వరద సంగతి విన్నట్టే లేదు. ట్యాంకు మీద వెలిసిన రంగు వేలితో రుద్ది చూసి, "బేస్‌మెంట్‌లో పెట్టేవారు కాదా సార్?" అన్నాడు.

"లేదండీ, ఎండలోనే" అన్నాను.

దానికి రెండు వేలు తగ్గించి తీసుకున్నాడు.