చేజారిన బంతి, చిక్కని బంతి

సందేహం: మా దగ్గరికి వచ్చిన నాన్నగారి కోసం అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు తెలుగులో రాస్తున్నాను. పొసెషన్‌ను 'స్వాధీనం' అని, లూజ్ బాల్‌ను 'వదులు బంతి' అని రాశాను. ఫంబుల్, మఫ్ రెండింటికీ 'చేజారడం' సరిపోతుందా?
– ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: 'వదులు బంతి' వద్దండీ. చొక్కా వదులవుతుంది, ముడి వదులవుతుంది. బంతి వదులైందంటే గాలి తగ్గిందనుకుంటారు. పోనీ 'విడి బంతి' అందామంటే పూలకొట్టు గుర్తొస్తుంది! 'ఎవరి చేతిలోనూ లేని బంతి' అని విడమరిచి రాయండి. 'ఎవరిదీ కాని బంతి' అంటే మాత్రం తప్పే. పాస్ గాల్లో ఉన్నంతసేపూ లూజ్ బాలే, అయినా అవతలివాళ్లు పట్టుకునేదాకా అది విసిరిన జట్టుదే.

అందుకే పొసెషన్‌కు ఒక్క మాట చాలదు. ఆటగాడికి 'చేజిక్కింది', జట్టు 'అధీనంలో ఉంది' అనండి. 'స్వాధీనం చేసుకున్నాడు' అంటే పోలీసులు సరుకు పట్టుకున్నట్టుంటుంది. అన్నట్టు, చాలామంది 'ఆధీనం' అని రాస్తారు. స్వ, అధీనం కలిసినప్పుడు సంధిలో వచ్చిన దీర్ఘం అది. మాట విడిగా వాడినప్పుడు దానికి చోటు లేదు.

ఇక చేజారడం. చేతిలో ఉన్నదే జారుతుంది కాబట్టి ఫంబుల్‌కు ఇది అతికినట్టు సరిపోతుంది. మఫ్‌కు కుదరదు. పంట్‌ను, అంటే అవతలి జట్టు చేతిలోంచి వదిలి తన్నిన బంతిని, అందుకోబోతే అది చేతికి తగిలిందిగానీ చిక్కలేదు. చిక్కనిది జారేదెలా? అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈ తేడా మీదే ఆట తిరిగిపోతుంది. మఫ్ అయిన బంతిని తన్నిన జట్టు దొరకబుచ్చుకుంటే అది వాళ్లదవుతుంది, కానీ దాంతో ముందుకు పరుగెత్తకూడదు. చిక్కాక జారిన బంతైతే పరుగెత్తవచ్చు.

మీ తికమకకు కారణం క్రికెట్ రాతలేమో. 'క్యాచ్ చేజార్చాడు' అన్నప్పుడు జారింది బంతి కాదు, అవకాశం. ఆ అలవాటు ఇక్కడికి తెస్తే చిక్కే. ముందుకు విసిరిన పాస్ పూర్తిగా పట్టకముందే నేల తాకితే అది ఫంబుల్ కాదు, ఆట అక్కడే ఆగుతుంది. 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ మార్చిన నియమం ప్రకారం బంతి మీద పట్టు దొరకాలి, రెండు పాదాలో, చేతులు కాక ఒంట్లో మరో భాగమో గీత లోపల ఆనాలి, ఆపైన మరో అడుగు వేయడం లాంటి కదలికో, కనీసం దానికి తగినంత వ్యవధో ఉండాలి. అప్పుడే చేజిక్కినట్టు.

ఫంబుల్, మఫ్, పంట్ మాటలను మాత్రం అలాగే ఉంచండి. టీవీలో మీ నాన్నగారికి వినబడేవి అవే కదా.