వాలీబాల్‌లో బ్లాక్ ఎప్పుడు చెయ్యొచ్చు? బయట ఒకరికి అడ్డు ఎప్పుడు పడొచ్చు?

పదేళ్లుగా వాలీబాల్ ఆడుతున్నాను, అదీ ఎక్కువగా నెట్ మధ్యలో నిలబడి. మీరడిగిన మొదటి ప్రశ్నకి రూల్స్ ఉన్నాయి. రెండోదానికి నా దగ్గర ఉన్నది తిన్న చీవాట్లే.

బ్లాక్ అంటే అవతలివాళ్లు కొట్టిన బంతిని నెట్ దగ్గర ఎగిరి చేతులతో అడ్డుకోవడం. ఆ హక్కు ముందు వరుసలోని ముగ్గురిదే. లిబెరో, అంటే వెనక వరుసలో బంతిని కాపాడడానికే ఉండే ఆటగాడు, అయితే ప్రయత్నించడం కూడా కుదరదు. నాకిది పరువు పోయాక తెలిసింది. స్కోరు 23-23. అవతలి స్మాషర్ లేచాడు, మావాళ్లిద్దరితో పాటు నేనూ ఎగిరాను. బంతి పక్కవాడి చేతులకి తగిలి అటే పడింది. మేం కేకలేస్తూ చేతులు కలుపుకుంటుంటే రిఫరీ పాయింటు వాళ్లకిచ్చాడు. రొటేషన్‌లో, అంటే ఆటగాళ్లు వరసగా స్థానాలు మారడంలో, నేను వెనక వరుసకి వెళ్లిపోయానన్న సంగతే మర్చిపోయాను. "బంతి నాకు తగల్లేదు కదా" అని వాదించాను కూడా. కలిసి చేసే బ్లాక్‌లో వెనక వరుసవాడు ఒక్కడున్నా, బంతి ఎవరి చేతికి తగిలినా అది ఫౌలేనట.

సర్వీస్‌ని బ్లాక్ చెయ్యకూడదు. 1984 దాకా ఈ ఆంక్ష లేదు, అప్పటి ఆటగాళ్లు అదృష్టవంతులు.

అసలు చిక్కంతా నెట్ అవతలికి చేతులు చాపడంలో ఉంది. చాపొచ్చు. కానీ వాళ్లు బంతిని మనవైపు కొట్టేదాకా అక్కడ దాన్ని తాకకూడదు. సెట్టర్ తన స్మాషర్ కోసం లేపిన బంతిని మనం మధ్యలో కొట్టేస్తే ఫౌల్. కొత్తవాళ్లు సెట్టర్ బంతి లేపగానే ఎగిరేసి, స్మాష్ వచ్చేసరికి కిందికి దిగిపోతుంటారు. సెట్టర్ బంతి లేపాక నేను దాన్ని చూడడం వదిలేసి స్మాషర్ భుజం చూస్తాను. అతను లేచాక అర క్షణం ఆగి లేస్తాను. ఆ అర క్షణం ఆగడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇంకోటి, బ్లాక్‌లో తగిలిన టచ్ లెక్కలోకి రాదు, ఆ తర్వాత కూడా మనకి మూడు టచ్‌లుంటాయి. బీచ్ వాలీబాల్‌లో మాత్రం లెక్కేస్తారు.

ఇక బయటి సంగతి. మా తమ్ముడు "అన్నయ్యా, ఒక మాట" అనగానే "డబ్బులైతే లేవురా" అనేవాణ్ణి. ఒకసారి వాడు పాత బాకీ తీర్చడానికే వచ్చాడట. నా మాట విని నోట్లు మళ్లీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. సర్వీస్‌నే బ్లాక్ చేశానన్నమాట. ఆ డబ్బు చేతికి రావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

భార్యాభర్తల గొడవలో మనం ఎప్పుడూ వెనక వరుసే. ఒకసారి స్నేహితుడి ఇంట్లో మధ్యలోకి వెళ్లి ఇద్దరిచేతా తిట్లు తిన్నాను, పైగా నన్ను తిట్టే విషయంలో వాళ్లిద్దరూ ఒకటైపోయారు. అయితే ఎవరైనా చెయ్యెత్తితే మాత్రం వరుసా గిరుసా చూడక్కర్లేదు, వెళ్లి అడ్డుగా నిలబడాల్సిందే.

ఫోన్‌లో నంబర్ బ్లాక్ చెయ్యడానికి చాలామంది ఎందుకు మొహమాటపడతారో నాకర్థం కాదు. వద్దని ఒకసారి స్పష్టంగా చెప్పాం, అయినా మెసేజ్‌లు వస్తున్నాయి. అంటే స్మాష్ మన మీదికి వచ్చేసినట్టే. ఇంకా సంజాయిషీ దేనికి? బెదిరింపులైతే ఆ ఒక్కసారి చెప్పడం కూడా అనవసరం, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని బ్లాక్ చెయ్యండి.

ఒకరి గేటుకి అడ్డంగా బండి పెట్టడం మాత్రం ఏ లెక్కన చూసినా కుదరదు. "రెండు నిమిషాలే కదా" అని నేనూ ఒకసారి పెట్టి వెళ్లాను. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే, ఆ ఇంటాయన గేటు లోపల కారులో, స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చుని ఉన్నాడు. ఇంజిన్ ఆన్‌లోనే ఉంది.