తెల్లరెట్టతో పిల్లలు పోతుంటే ముందు పెట్టల రక్తం చూపించండి

మీరు చెప్పింది ఇదీ: నలభై నాటుపెట్టలు, ఐదు పుంజులు, సొంత ఇంక్యుబేటర్. దిగిన పిల్లలు నాలుగో రోజు నుంచి రెక్కలు వేలాడేసుకుని, తెల్లరెట్ట వేసి, వెనక సున్నం పూసినట్టు అంటుకుపోయి చస్తున్నాయి. మూడు మందులు మార్చారు, నాలుగోది ఏదని అడుగుతున్నారు. ఆ పెట్టల గుడ్లు ఇంట్లో తినొచ్చా అని కూడా.

నాలుగో మందు నేను చెప్పను. నాలుగేళ్ళ కింద నాదీ ఇదే గోస. మాది ఖమ్మం వైపు. ఒక బ్యాచ్‌లో 180 పిల్లలు దిగితే రెండో వారానికి 70 కూడా మిగల్లేదు. షాపులో ఇచ్చిన పొడి నీళ్ళలో కలిపినన్నాళ్ళు చావులు తగ్గేవి, ఆపగానే మళ్ళీ మొదలు. పిల్లల్ని వెచ్చగా ఉంచే బ్రూడర్‌దే తప్పనుకుని బల్బులు మార్చాను, ఊక మార్చాను, ఇంక్యుబేటర్ అమ్మినతన్ని ఫోన్లో నానా మాటలూ అన్నాను. పాపం, అతని తప్పేమీ లేదు. (చలి తగిలినా పిల్లలకు వెనక అంటుకుంటుంది. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉందో లేదో మీరూ ఒకసారి చూసుకోండి.)

చివరికి రాత్రి పోయిన నాలుగు పిల్లల్ని ఐస్‌తో కవర్లో కట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ కోసి చూపించారు. ఆరు రోజుల పిల్ల కడుపులో పచ్చసొన కరిగిపోయి ఉండాలి. ఇందులో గడ్డకట్టి, జున్నుముక్కలా అలాగే ఉంది. గుండె మీద తెల్లటి నలుసులు. "పుల్లోరంలా ఉంది, ల్యాబ్‌కి పంపుదాం. పెట్టలు ఎక్కడ కొన్నారు?" అన్నారు. సంతలో అన్నాను. రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు.

పుల్లోరం అంటే సాల్మొనెల్లా అనే బాక్టీరియాలోనే ఒక రకం. చిన్నప్పుడు దీన్ని తట్టుకుని బతికిన పెట్ట పెద్దయ్యాక నిగనిగలాడుతూనే ఉంటుంది, మేస్తుంది, గుడ్లు పెడుతుంది. క్రిమి మాత్రం దాని అండాశయంలో కాపురం ఉంటుంది, కొన్ని గుడ్లలోకి సొనతోపాటే దిగుతుంది. మెషిన్‌లో అలాంటి పిల్ల ఒకటి పెంకు పగలగొట్టుకుని ఆరేటప్పుడు, లేచిన నూగు ఫ్యాన్‌గాలికి ట్రేలన్నిటి మీదా పడుతుంది. మా అమ్మ పెట్ట కింద పొదిగిస్తే డజనుకు రెండు పోయేవి, నేను మెషిన్‌లో పెడితే సగం పోవడానికి కారణం అదే. మందు వేస్తే చావులు తగ్గుతాయి తప్ప, మోసే కోడి మోస్తూనే ఉంటుంది. ఇంకోమాట, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ జోలికి మాత్రం వెళ్ళకండి. పశువులకూ కోళ్ళకూ దాన్ని వాడకూడదని 2019లోనే కేంద్రం నిషేధించింది.

ఇక పరీక్ష. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. తెల్ల టైల్ ముక్క మీద ఊదారంగు ఆంటిజెన్ (చంపిన పుల్లోరం క్రిములతో చేసిన పరీక్ష ద్రావణం) ఒక చుక్క, పెట్ట రెక్క కింది నరం పొడిచి తీసిన రక్తం ఒక చుక్క. రెండూ కలిపి టైల్‌ని మెల్లగా అటూ ఇటూ వంచుతారు. రోగం లేకపోతే రంగు నున్నగా అలాగే ఉంటుంది. ఉంటే రెండు నిమిషాల లోపే పాలు విరిగినట్టు రవ్వలు రవ్వలుగా విడిపోతుంది. మా 47 కోళ్ళలో తొమ్మిది పెట్టల రక్తం, ఒక పుంజు రక్తం ఇలా విరిగాయి. అందులో అమ్మ ముద్దుగా చూసుకునే నల్లపెట్ట ఒకటి. దానికి ఇంకోసారి చూడండని అమ్మ పట్టుబట్టింది. మళ్ళీ చూశారు, మళ్ళీ విరిగింది.

విరిగినవాటిని సంతలో అమ్మేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నాకు వచ్చింది ఆ దారినే కదా. పదింటినీ చంపించి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక్క పరీక్షతో తేలదు. 21 రోజులకు మళ్ళీ చేయించాలి, వరసగా రెండుసార్లు ఒక్కటీ విరగనంతవరకు. మాకు రెండోసారి ఇంకో రెండు దొరికాయి. ఆ తర్వాత రెండుసార్లూ శుభ్రం. అప్పటిదాకా మెషిన్ స్విచ్ వేయొద్దు. ఖాళీ మెషిన్‌ని కడిగి ఆరబెట్టి, క్రిములు చావడానికి ఫార్మలిన్ మందు పొగ పెట్టాం. కొలత 100 ఘనపు అడుగులకు 20 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్, 40 మిల్లీలీటర్ల ఫార్మలిన్. మట్టిమూకుడులో ముందు పర్మాంగనేట్ వేసి, దాని మీద ఫార్మలిన్ పోసి వెంటనే బయటికి వచ్చేయాలి. కళ్ళు, గొంతు మండిపోతాయి, పిల్లలున్న ఇంట్లో చేయకండి. ఎలకల బోనులు కూడా పెట్టండి, దాణా బస్తాల్లో తిరిగి ఇలాంటివన్నీ మోసేది అవే.

గుడ్ల సంగతి. పుల్లోరం మనుషులకు రావడం అరుదు. కానీ అదే టైల్ మీద ఎంటరైటిడిస్ అనే సాల్మొనెల్లా ఉన్న కోడి రక్తం కూడా విరుగుతుంది, అది మాత్రం మనల్ని విరేచనాలతో మంచాన పడేస్తుంది. కాబట్టి తేలేదాకా పచ్చిగుడ్డు, హాఫ్‌బాయిల్ వద్దు, సొన గట్టిపడేదాకా ఉడికించుకు తినండి. 2024 అక్టోబరులో తెలంగాణలో పచ్చిగుడ్డు మయొనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది కూడా ఈ భయంతోనే. పొదుగుకు పెట్టే గుడ్లయితే రెట్ట అంటినవి పక్కన పెట్టేయండి, చన్నీళ్ళతో మాత్రం కడగొద్దు. వెచ్చటి గుడ్డు చల్లబడితే పెంకు రంధ్రాల్లోంచి మురికి లోపలికి పీలుస్తుంది.

ఆంటిజెన్ మామూలు మందుల షాపుల్లో దొరక్కపోవచ్చు. మీ పశువుల డాక్టరు ద్వారా అడిగించండి. వెళ్ళేముందు, పెట్టలకు ఫౌల్ టైఫాయిడ్ (సాల్మొనెల్లాతోనే కోళ్ళకు వచ్చే ఇంకో రోగం) టీకా ఎప్పుడైనా వేయించి ఉంటే ఆ మాట చెప్పండి, టీకా వేసిన కోడి రక్తం కూడా ఒక్కోసారి విరుగుతుంది.