పందులకు ఏ రకం సోయా? నా లెక్క రకం దగ్గర ఆగలేదు

నిర్మల్ అన్నా, మీ దగ్గర జేఎస్ 335, బాసర అనే సోయా రకాలు రెండూ ఉన్నాయి, పందుల దాణాలో దేనికి శక్తి ఎక్కువ అని అడిగారు. పరకాల దగ్గర మాకు చిన్న సీమపందుల ఫారం ఉంది. మొదట్లో నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను.

సోయాలో శక్తి ఎక్కువగా నూనె నుంచే వస్తుంది. గింజలో నూనె 18 నుంచి 20 శాతం ఉంటుంది. ఒక రకంలో 2 శాతం ఎక్కువ ఉందనుకోండి, కిలోకు 20 గ్రాములు. గ్రాము నూనెకు 9 కిలోకేలరీలు, అంటే 180. ఆ మేరకు ప్రొటీనో పిండిపదార్థమో తగ్గుతుంది కాబట్టి మిగిలేది 100 లోపే. వేయించిన సోయా కిలోకు పందికి అందేది సుమారు 3,900 కిలోకేలరీలు. అందులో ఇదెంత? అదే గింజలో తేమ 10 బదులు 14 శాతం ఉంటే అంతకంటే ఎక్కువే పోతుంది. కాబట్టి రకం సంగతి తర్వాత, ముందు బాగా ఎండబెట్టండి.

అసలు దెబ్బ నాకు వేరే చోట తగిలింది. మక్కలకు 3,400 దాకానే కదా, సోయా ఇంకా బలం అని పాలు మాన్పిన పంది పిల్లలకు పచ్చి గింజే మర పట్టించి పెట్టాను. వారం తిరక్కుండానే పారుడు, బరువు పెరగడం ఆగింది. పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను (ప్రొటీన్‌ను అరిగించే రసాన్ని) అడ్డుకునే పదార్థం ఉంటుంది, ప్రొటీన్ అరగనివ్వదు. కాగితం మీద శక్తి ఎంతున్నా కడుపులో పనికిరాలేదు. (ఎన్ఆర్‌సీ 127 అనే ఇందోర్ రకంలో ఆ పదార్థంలో ముఖ్యమైనది ఉండదు. రకం చూసి తీరాలంటే నేను చూసేది ఇదే.)

తర్వాత పల్లీల్లా ఇసుకలో వేయించాను. మొదటి వాయి పైన మాడి లోపల పచ్చిగానే ఉంది. మాడితే లైసిన్ (ప్రొటీన్‌లో పందులకు ముఖ్యమైన భాగం) పోతుంది, అదీ నష్టమే. ఇప్పుడు సన్న మంట, కలుపుతూనే ఉండడం. గింజ కొరికితే పచ్చి వాసన రాకూడదు. ఇది నా నోటి పరీక్షే, ఎక్కువ మొత్తం అయితే యూరియేజ్ పరీక్ష (సోయా సరిగా వేగిందో లేదో చూసేది) చేయించండి.

పందుల్ని అమ్మే ముందు నెల దాణాలో సోయా గింజ బాగా తగ్గిస్తాను, లేదంటే కొవ్వు మెత్తబడి మాంసం కొనేవాళ్లు గునుస్తారు. మర పట్టిన పిండి వారానికి మించి ఉంచను, ముక్కిపోతుంది.

ఇంకోటి, విత్తనంగా తెచ్చి మిగిలిన గింజ, మందు పట్టించిన రంగు గింజ, ఎంత ఖరీదైనదైనా దాణాలో కలపొద్దు.